పాకుడు రాయి, ఫెల్ట్ బూటు, పరాయి నది

ఫ్లై ఫిషింగ్ చేసేవాళ్ళలో రెండు పార్టీలుంటాయి. ఒకటి ఫెల్ట్ పార్టీ, ఇంకోటి రబ్బరు పార్టీ. మన దగ్గర హీరోల మీద ఫ్యాన్స్ ఎలా కొట్టుకుంటారో, వాళ్ళు బూటు అడుగు దేంతో చెయ్యాలనే దాని మీద అలా కొట్టుకుంటారు. పదిహేనేళ్ళు దాటినా ఆ గొడవ తేలలేదు. నేను రబ్బరు పార్టీ. ఎందుకో చెప్తాను.

"మనకెందుకురా ఈ గోల" అనకండి. మన సీనియర్స్‌లో ఎంతమంది ఎమ్మెస్‌కని అమెరికా వెళ్తున్నారో మీకూ తెలుసు. మా పెద్దమ్మ వాళ్ళ అన్నయ్య అలాగే వెళ్ళి ఇప్పుడు మోంటానాలో ఉద్యోగం చేస్తున్నాడు. శని, ఆదివారాలు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ట్రౌట్ చేపలు పడుతున్నాడు. "ఏ బూట్లు కొనాలో కాస్త చదివి చెప్పరా" అని నాకు పని అప్పజెప్పాడు. నేను గాలం కూడా పట్టినవాణ్ణి కాదు. కానీ చదివేకొద్దీ ఇది షాపింగ్ విషయం కాదని అర్థమైంది.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. ఫ్లై ఫిషింగ్‌లో ఎర వానపాము కాదు. ఈకలు, దారంతో పురుగులా కట్టిన చిన్న గాలం. దానికి బరువుండదు కాబట్టి లావుపాటి లైన్ బరువుతోనే దాన్ని విసరాలి. చేపకి దగ్గరగా పోవాలంటే నదిలోకి దిగాలి. వేడర్స్ అని నీళ్ళు చొరబడని ప్యాంటు లాంటిది వేసుకుని, దాని మీద వేడింగ్ బూట్లు తొడుక్కుంటారు. నీళ్ళు మంచులా చల్లగా ఉంటాయి, వేగం ఎక్కువ. అడుగున గుండ్రాళ్ళు, వాటి మీద పాచి. మన క్లబ్‌లో పాకుడు రాళ్ళు అనగానే అందరికీ రావూరి భరద్వాజ నవల గుర్తొస్తుంది. నేను చెప్తున్నవి నిజం పాకుడు రాళ్ళు.

వాటి మీద బాగా పట్టు దొరికేది ఫెల్ట్‌కే. క్లాసులో వైట్‌బోర్డు డస్టర్ కింద ఒక మెత్తటి పొర ఉంటుంది కదా, అలాంటిదే, కాకపోతే చాలా మందంగా. దాని పోగులు పాచిలోకి దూరి రాయిని పట్టుకుంటాయి. మామూలు రబ్బరు అయితే ఆ పాచి మీద సర్రున జారుతుంది. ఈ విషయంలో ఫెల్ట్ పార్టీ చెప్పేది నూటికి నూరు పాళ్ళూ నిజం. జారిపడటం చిన్న విషయమూ కాదు. అమెరికా వెళ్ళిన మన పిల్లలు సరస్సుల్లోనో జలపాతాల దగ్గరో మునిగిపోయారన్న వార్తలు వింటూనే ఉన్నాం. కాబట్టి "నది ముఖ్యం, నీ కాలు విరిగితే విరగనీ" అని నేను అనను.

కానీ పాచిని పట్టుకునే ఆ పోగులే పాచిని మోసుకెళ్తాయి కూడా. ఫెల్ట్ త్వరగా ఆరదు. పైకి పొడిగా కనిపించినా లోపల తడి ఉంటుంది, ఆ తడిలో కంటికి కనిపించనివి బతికే ఉంటాయి. ఈ వారం ఒక నది, పై వారం ఇంకో నది. ఒకప్పుడు మన కాలేజీ ల్యాబుల్లో పెన్ డ్రైవ్‌లు వైరస్‌ని ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి ఎలా మోసేవో, ఇదీ అంతే. తేడా ఒక్కటే. నదిని ఫార్మాట్ చెయ్యలేం.

ఇవి ఊహలు కావు. డిడిమో అని ఒక ఏకకణ నాచు ఉంది, చూడ్డానికి అసహ్యంగా ఉంటుందని దానికి "రాతి చీమిడి" అని అర్థం వచ్చే ముద్దుపేరు పెట్టారు. 2004లో అది న్యూజీలాండ్ సౌత్ ఐలాండ్‌లో లోయర్ వయావు నదిలో బయటపడింది. తర్వాత అక్కడి చాలా నదులకి పాకింది. 2008లో ఆ దేశం చేపలు పట్టేవాళ్ళు ఫెల్ట్ అడుగులు వాడకూడదని నిషేధం పెట్టింది. ఇంకో వైపు న్యూజీలాండ్ నుంచి ఒక బుల్లి నత్త అమెరికా చేరింది. 1987లో ఐడహోలోని స్నేక్ నదిలో దొరికింది. సైజు సుమారు అర సెంటీమీటరే. మగ నత్త అవసరం లేకుండానే ఒక్క ఆడ నత్త సంతతిని పెంచేస్తుంది. అంటే బూటు సందులో ఒక్కటి మిగిలినా చాలు. మా అన్నయ్య ఉండే మోంటానాలోనే మాడిసన్ నదిలో 1990లలో వర్లింగ్ డిసీజ్ వచ్చింది. చేప పిల్లల మృదులాస్థిని పాడుచేసే పరాన్నజీవి వల్ల వస్తుంది, పిల్లలు గుండ్రంగా తిరుగుతూ చచ్చిపోతాయి. అక్కడ రెయిన్‌బో ట్రౌట్ సంఖ్య దారుణంగా పడిపోయింది. దాని బీజాలు బురదలో చాలాకాలం బతుకుతాయి.

అందుకే మేరీలాండ్, వెర్మాంట్ 2011లో, అలాస్కా 2012లో ఫెల్ట్‌ని నిషేధించాయి. ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్ 2018లో నిషేధించింది. అయితే 2016లో వెర్మాంట్ తన నిషేధాన్ని ఎత్తేసింది. ఫెల్ట్ పార్టీకి ఇదే పెద్ద అస్త్రం. దాని వెనక ఒక వాదన ఉంది. 2014లో టేలర్, బోత్‌వెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక పేపర్ రాశారు. డిడిమో చాలా చోట్ల ముందునుంచే ఉందనీ, నీళ్ళలో ఫాస్ఫరస్ బాగా తగ్గినప్పుడు అది దట్టంగా పెరుగుతుందనీ, బూట్ల మీద నేరం మోపడం సరికాదనీ అన్నారు.

ఆ పేపర్‌ని గౌరవిద్దాం. కానీ అది చెప్పింది డిడిమో గురించి. నత్త గురించి కాదు, వర్లింగ్ డిసీజ్ గురించీ కాదు. ఒక బగ్ మన కోడ్ వల్ల రాలేదని తేలితే మిగతా బగ్స్ కూడా మనవి కావని అర్థమా?

ఇంకో మాట కూడా అంటారు. న్యూజీలాండ్‌లో ట్రౌట్ కూడా బయటి చేపే కదా, 1860లలో తెల్లవాళ్ళు తెచ్చి వదిలిందే కదా, పరాయి చేప కోసం పరాయి నాచుని ఆపడమేంటి అని. వినడానికి బాగుంది. కానీ నాకు ఇది నా వైపు వాదనలాగే వినిపిస్తుంది. ఒకసారి వదిలాక వెనక్కి తీసుకోలేమని ట్రౌటే రుజువు చేసింది. మన చెరువుల్లో, కాలవల్లో గుర్రపుడెక్కని చూడండి. దక్షిణ అమెరికా మొక్క, పువ్వు అందంగా ఉందని తెచ్చుకున్నారు. ఇప్పుడు జేసీబీలు పెట్టి తీసినా మళ్ళీ వస్తూనే ఉంది. తెచ్చినవాళ్ళకి చెడు ఉద్దేశం లేదు. బూట్లు వేసుకునేవాళ్ళకీ లేదు.

మరి జారకుండా ఎలా? రబ్బరు అడుగుకి టంగ్‌స్టన్ కార్బైడ్ స్టడ్స్ బిగించుకోవాలి. ఆ గట్టి మేకులు పాచిని చీల్చుకుని రాయిని పట్టుకుంటాయి. నున్నటి రాళ్ళ మీద ఫెల్ట్‌తో సమానమని నేను బల్లగుద్ది చెప్పను. కానీ బురద గట్టు మీద, తడి గడ్డిలో రబ్బరే మెరుగు, మంచులో అయితే ఫెల్ట్‌కి మంచు ముద్దలా అంటుకుపోతుంది. మిగిలిన తేడాని చేతికర్రతో, నడుముకి బిగించే బెల్టుతో పూడ్చుకోవచ్చు. ఆ బెల్టు ఉంటే పడినప్పుడు వేడర్స్‌లోకి నీళ్ళు ఒక్కసారిగా నిండవు. అన్నిటికన్నా చవకైన జాగ్రత్త ఇంకోటుంది. అనుమానంగా ఉన్న చోట దిగకపోవడం.

కొనేటప్పుడు ఇంకొన్ని చూడాలి. వేడర్స్ పాదాలకి నియోప్రీన్ మేజోళ్ళలా ఉంటాయి, అవి వేసుకునే బూటు సైజు చూసుకోవాలి. బిగుతైతే రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. చీలమండని గట్టిగా పట్టి ఉంచాలి. నీళ్ళు బయటికి పోయే రంధ్రాలుండాలి. తోలు కన్నా సింథటిక్ మేలు, త్వరగా ఆరుతుంది. కుట్లు, మడతలు ఎంత తక్కువుంటే అంత మంచిది.

ఈ చివరిదే నా అసలు పాయింట్. రబ్బరు కొన్నంత మాత్రాన మనం పుణ్యాత్ములం అయిపోం. లేసుల్లో, నాలుక కింద, కుట్లలో కూడా బురద దాక్కుంటుంది. న్యూజీలాండ్‌లో చెప్పే పద్ధతి మూడు మాటలే. చూడు, కడుగు, ఆరబెట్టు. ఆరబెట్టడమంటే చేతికి తడి తగలనంతగా ఆరాక ఇంకో 48 గంటలు ఆగడం. చట్టం అడుగు ఏదో చూడగలదు. ఆ 48 గంటలు ఆగామో లేదో ఎవరూ చూడరు. రబ్బరు బూటు ఆ పనిని తేలిక చేస్తుంది, అంతే. అందుకే నేను దాని పార్టీ.

వయసు మీదపడి కాళ్ళలో పట్టు లేనివాళ్ళు, నిషేధం లేని చోట, ఒకే నదికి ఒక ఫెల్ట్ జత పెట్టుకుని వాడుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఇరవైల్లో ఉన్నవాళ్ళకి మాత్రం ఆ సాకు లేదు. అన్నయ్యకి ఇదే చెప్పాను. స్టడ్స్ ఉన్న రబ్బరు బూట్లే ఆర్డర్ పెట్టాడు. శనివారం ఒక నది, ఆదివారం ఇంకో నది అన్న ప్లాన్ మాత్రం మానుకోవాల్సి వచ్చిందని తిట్టుకుంటున్నాడు. ఫెల్ట్ పార్టీ వాళ్ళు మన కాలేజీలో ఎవరైనా ఉంటే వచ్చే సంచికకి జవాబు రాయండి, చదువుతాను.