చప్పుడే బలమా?

మా వీధి కుర్రకారుకి కొత్త పిచ్చి పట్టుకుంది. కంపెనీవాళ్ళు పెట్టిన ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకేసి, వేలు పోసి కొన్న శంకువులాంటి ఓపెన్ ఫిల్టరు బిగిస్తున్నారు. "పికప్ పెరిగింది అంకుల్!" అంటారు. పెరిగింది చప్పుడు నాయనా! హోరు అణచడం కూడా ఆ డబ్బా పనే మరి.

డబ్బా గొట్టం బండి ముందునుంచి బయటి గాలి తెస్తుంది. మీ శంకువో, బానెట్ కింద కూర్చుని ఇంజను సెగే పీలుస్తుంది. గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది; దాంతోపాటే బలమూను. అమ్మేవాళ్ళలో కొందరు బానెట్ తెరిచి, ఎదురుగా పెద్ద ఫ్యాను పెట్టి బలం కొలిచి చూపిస్తారు. బెజవాడ ఎండలో మనం బానెట్ తెరుచుకుని తిరుగుతామా, చెప్పండి!

టర్బో ఇంజనుకి చల్లగాలి దారి వేసి, కంప్యూటర్ ట్యూనింగూ సరిచేయిస్తే కొంత లాభం ఉంటుంది, కాదనను. ఉత్త శంకువు బిగిస్తే ఏమిటి? పైగా దానికి నూనె ఎక్కువ పూస్తే గాలి కొలిచే సెన్సారుకంటి పెట్రోలు లెక్క తప్పుతుంది. నాసిరకం ఫిల్టరులోంచి దుమ్ము దూరితే పిస్టన్ రింగులు అరుగుతాయి. ఆ బిల్లు మాత్రం నాన్నగారికి చేరుతుంది లెండి.