ముహూర్తానికి ముందే ఊదాల

మార్కాపురం పలకలు ఒకప్పుడు దేశమంతా పోయినయి. ఆ పలక మీద బలపంతో రోజూ దిద్దితేనే అక్షరం కుదురుతది. కొన్ని వూళ్ళల్లో డప్పును కూడా పలకే అంటారు. మా తాత చేతిలో ఆ పలక వుండేది. మా చేతికి ఈ పలక వచ్చింది. మా చిన్నాయన చేతికి ట్రంపెట్టు వచ్చింది. ఈ పక్షం మేము రాసేది ఆ ట్రంపెట్టు గురించి. "ఉద్యమ పత్రికలో బాజాల సంగతి ఏంది సారూ" అని నవ్వబాకండి. ఇది కూలి సంగతి, వొంటి సంగతి, మర్యాద సంగతి.

మార్కాపురం, కంభం, గిద్దలూరు చుట్టుపక్కల మన పల్లెల్లో బ్యాండు మేళం మీద బతికే కుటుంబాలున్నాయి. ఆషాఢంలో ముహూర్తాలు వుండవు. మూఢం వస్తే అసలే లేవు. అప్పుడు బూర గోడకెక్కుతది. మనిషి బేల్దారి పనికి హైదరాబాదుకో బెంగుళూరుకో పోతాడు. శ్రావణం రాగానే కబురొస్తది. నెలన్నర ముట్టని బూర దించి, పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా ఊదుతాడు. పెదవి మొద్దుబారుతది. పై స్వరం పలకదు. పలకడం లేదని బూరను మూతికేసి ఇంకా అదుముతాడు.

మా చిన్నాయనకు అట్టాగే ఒక పెండ్లిలో పెదవి చిట్లింది. నెత్తురు తుడుచుకుంటా ఊదినాడు. ఆపితే డబ్బులు కోస్తామన్నారు పెండ్లివారు. ఆ తర్వాత పై స్వరం ఆయనకు మళ్ళీ అందలేదు. నలభై ఏండ్లకే ట్రంపెట్టు వదిలి సైడు డ్రమ్ము తగిలించుకున్నాడు.

"మీవాళ్ళకు సాధన ఎందుకయ్యా, పుట్టుకతోనే వస్తది గదా" అంటారు పెద్దకులాల వాళ్ళు. ఇది పొగడ్త అనుకుంటే మోసపోతాం. పుట్టుకతో వచ్చేదైతే దానికి కూలి ఎందుకియ్యాల? నేర్చిన పనికి వెల వుంటది. నెత్తుటిలో వుందనే పనికి వెల వుండదు. వాళ్ళ పిల్లలు పొద్దున్నే పాడితే సంగీత సాధన, మనం ఊదితే కులవృత్తి! ఈ తేడా ఎవరు పెట్టినారో మనకు తెలవదా?

మన ప్రాంతాన్నే చూడండి. నాగస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టినాడు. తరతరాల సన్నాయి కుటుంబం. అయినా నాకు పుట్టుకతో వచ్చిందిలే అని కూర్చోలేదు. తమిళదేశం పోయి తంజావూరు బాణీ నేర్చినాడు. రోజూ ఊదినాడు గనకే 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి వచ్చినయి.

అమెరికాలో నల్లజాతి బిడ్డ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కత కూడా వినాల. చిన్నప్పుడు పోలీసులు పట్టుకుపోయి నల్లపిల్లల సంస్కరణ గృహంలో వేస్తే, అక్కడి బ్యాండులో కార్నెట్టు మీద చెయ్యి కుదుర్చుకున్నాడు. లోకాన్నే ఊపినాడు. అంతటివాడు కూడా బూరను పెదవికేసి అదిమి అదిమి ఊది, 1930లలో పెదవి పగిలి కొంతకాలం ఆపుకోవలసి వచ్చింది. పెదవి కండరం చిట్లే జబ్బును వైద్యులు ఆయన ముద్దుపేరుతోనే పిలుస్తారు. కాబట్టి బలం ఒక్కటే చాలదు. పద్ధతి గావాల.

ఆ పద్ధతి ఏంది? రోజుకు ముప్పావు గంట చాలు, పని వున్నా లేకున్నా.

మొదటి అయిదు నిమిషాలు ఊపిరి. భుజాలు లేపకుండా కడుపు నిండా పీల్చి నిదానంగా వదలాల. తర్వాత ఒట్టి మౌత్‌పీసుతో పెదవులు అదిరించాల.

తర్వాత పది నిమిషాలు పొడుగు స్వరాలు. కింది స్వరాలే, మెల్లగా, ఒక్కొక్కటి ఎనిమిది లెక్కపెట్టేదాకా. గొంతు వణకగూడదు.

తర్వాత పది నిమిషాలు పెదవి పని. ఒక్క కీ నొక్కకుండా స, ప, పై స, గ, ప పలికించాల. ఎక్కాల, దిగాల. ఈ మెట్లు పెదవీ గాలీ కలిసి ఎక్కాలగాని చేతి వొత్తుడుతో గాదు.

ఇంకో పది నిమిషాలు మూడు కీల మీద వేళ్ళు. సరిగమలు కాలితో తాళమేసుకుంటా నిదానంగా. తప్పు రాకుంటేనే వేగం పెంచాల.

చివరి పది నిమిషాలు మీ ఇష్టమొచ్చిన పాట. మళ్ళా ఒక కింది స్వరం మెల్లగా ఊది ఆపాల.

ఊదినంత సేపు విరామం ఇయ్యాల. పెదవి నొప్పి చేస్తే ఆ పూట ఆపెయ్యాల. ఒకరి మౌత్‌పీసు ఇంకొకరు పెట్టుకోగూడదు, రోజూ కడగాల. కీలకు వాల్వు ఆయిలు వెయ్యాల. మన బోరునీళ్ళల్లో ఫ్లోరైడు పళ్ళను పాడుచేస్తది. ముందుపళ్ళు పోతే ట్రంపెట్టు పోయినట్టే. తాగే నీళ్ళ కోసం కొట్లాడటం కూడా సాధనలో భాగమే.

ఒంటిగది ఇంట్లో ఎక్కడ ఊదాల అంటారా? నిజమే. ఒక వూళ్ళో మన పిల్లోళ్ళు పొద్దున్నే చెరువుకట్ట మీద ఊదుతుంటే, గోల అని తరిమినారు. అదే బూర వాళ్ళ పెండ్లిలో మంగళం! కాబట్టి ఒంటరిగా పోవద్దు, నలుగురు కలిసి పోండి. ఉద్యమ కార్యకర్తలు వెంట నిలబడాల. సాయంత్రం బడి వరండా అడగండి. అది మన బడి కూడా.

బేరం మాట్లాడేటప్పుడు కాగితం మీద రాయించుకోండి. ఎన్ని గంటలు, ఎంత డబ్బు, గంటకోసారి విరామం, అందరితోపాటు భోజనం. కూలి బదులు సారా వద్దు. ఒక్కడి మూతి మీద రాత్రంతా నడపకుండా ఇద్దరు ట్రంపెట్లు వంతులేసుకోండి.

"డప్పూ బాజా అవతల పారేస్తేనే విముక్తి" అనే అన్నలున్నారు. వాళ్ళ కోపం మాకు తెలుసు. వెట్టిగా కొట్టమంటే మేమూ కొట్టం. మన పిల్లలు ముందు చదవాల, ఇదీ మేము చెప్పేదే. కానీ ఇష్టంతో నేర్చి, బేరం చేసి ఊదేది వెట్టి గాదు, విద్య. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారుల పింఛను నెలకు 4,000 రూపాయలైంది. మంచిదే. అయితే అది వయసు మళ్ళినాక వచ్చేది. అందాకా పెదవిని కాపాడేది రోజూ చేసే సాధనే.

మా చిన్నాయనకు ఇది చెప్పేవాళ్ళు లేకపోయిరి. ఆయన మనవడు ఇప్పుడు చెరువుకట్ట మీద పొడుగు స్వరాలు ఊదుతున్నాడు. చిన్నాయన పక్కన కూర్చోని వేళ్ళ మీద ఎనిమిది లెక్కపెడతాడు. "అదమబాక నాయనా, గాలి ఇయ్యి" అంటాడు.

రేపు పొద్దున మీ వాడలో కూడా ఆ లెక్క మొదలు గావాల. జై భీమ్.