రాయి విలువ ఊరి పేరులో ఉంది

పాత వీరగల్లు, అంటే పోరులో పోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, కనబడగానే బేరగాడు చేసే మొదటి పని, వేలితో రాసి చూడడం: ఎంత నునుపు, ఎంత నలుపు అని. నన్నడిగితే ఆ పరీక్ష ఆఖరున చేసినా నష్టం లేదు. నూనె, మసి పట్టించి నాలుగు వానలకు వదిలేస్తే కొత్త రాయికీ ముసలి రంగు వస్తుంది. వయసు చెప్పేది అక్షరం. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ల శాసనంలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరుంది. అది సుమారు క్రీ.శ. 575 నాటిదని పండితులు తేల్చడానికి లిపి తీరే పెద్ద ఆధారం. రాత లేని వీరగల్లయితే వీరుడి కొప్పు, కత్తి వంపు, నడుం కట్టు, పైనున్న సూర్యచంద్రులను చెక్కిన పద్ధతి చూడాలి. ఇంతా చూస్తే తెలిసేది సగమే. ఏ చెరువు గట్టున, ఏ పొలిమేరలో నిలబడిందో తెలియకపోతే ఆ మనిషి పశువుల మందను కాపాడుతూ పోయాడో, ఊరి హద్దు తగాదాలో పోయాడో ఎవరు చెప్పాలి? 1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్లు దాటిన శిల్పాన్ని పురావస్తువంటుంది, ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదంటుంది. జిల్లా దాటి ఎవరి బంగళా తోటలోకో చేరినా నా లెక్కలో నష్టం అంతే. అందుకే ఎవరైనా ఫొటో పంపి ‘ఎంత పలుకుతుంది?’ అంటే, ‘ఏ ఊరిది?’ అని అడుగుతాను. జవాబు రాకపోతే దానికి నేలకు పరిచే బేతంచెర్ల పాలిష్ బండ ధరే కడతాను: చదరపు అడుగుకింత అని.