ఇంటి భద్రత: గంట మోగితే చాలదు, వినేవారుండాలి

క్రిందటి సంచికలో గ్యాసు బండ విషయమై రాసిన జాగ్రత్తలు చదివి, బెంగుళూరు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. "మా అపార్ట్‌మెంటులో ఫైర్ అలారం నెలకు రెండు మూడుసార్లు ఊరికే మోగుతుంది. పిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారని కమిటీవారు దాన్ని ఆపించేశారు. ఇందులో తప్పేమైనా ఉందా?" అని వారి ప్రశ్న.

తప్పే నమ్మా. "నాన్నా పులి" కథలో అబద్ధానికి అరిచింది పిల్లవాడు. ఇక్కడ యంత్రం అబద్ధమాడదు. అది దేన్నో చూసే మోగుతుంది. ఆ దేన్నో ఏమిటో కనుక్కోవడం మన పని.

ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో ముందు తెలుసుకుందాం. కప్పుకు బిగించిన తెల్లని గుండ్రటి డబ్బీ పొగను పసిగడుతుంది. లోపల ఒక చిన్న వెలుగు ఉంటుంది. పొగ జొరబడితే ఆ వెలుగు చెదురుతుంది, వెంటనే కబురు వెళుతుంది. మెట్ల దగ్గర గోడకుండే ఎర్ర పెట్టె మనుషులు నొక్కడానికి. ఈ తీగలన్నీ సెక్యూరిటీ గదిలోని ప్యానెల్‌కు చేరతాయి. తీగల గుండా ఎప్పుడూ కొద్దిపాటి కరెంటు పారుతూ ఉంటుంది. వైద్యుడు నాడి పట్టుకున్నట్టు ప్యానెల్ దాన్ని గమనిస్తుంది. కరెంటు పెరిగితే నిప్పు సూచన: ఎర్ర దీపం, హూటరు. తీగ తెగి కరెంటు ఆగితే లోపం సూచన: పసుపు దీపం, సన్నని బీప్ శబ్దం. చాలాచోట్ల ఆ పసుపు దీపం నెలల తరబడి వెలుగుతూనే ఉంటుంది. వాచ్‌మన్ బీప్ నొక్కేసి ఊరుకుంటాడు. అంటే ఆ అంతస్తుకు కాపలా లేనట్టే.

ఊరికే మోగడానికి కారణాలూ మామూలువే. డబ్బీలో చేరిన దుమ్ము, గూడు కట్టిన సాలీడు, వంటింటి పోపు ఘాటు, సాంబ్రాణి పొగ. వంటింటి దగ్గర పొగ డబ్బీకి బదులు వేడిని పసిగట్టేది పెట్టించాలి. మిగతావి ఏడాదికి రెండుసార్లయినా శుభ్రం చేయించాలి. గృహప్రవేశానికి హోమం చేస్తున్నారా? ముందురోజే సెక్యూరిటీ గదిలో చెప్పండి. ఆ ఒక్క భాగాన్నే, ఆ రెండు గంటలకే ఆపించి, రిజిస్టరులో రాయించి, అక్కడ ఒక మనిషిని కాపలా ఉంచండి. పూర్ణాహుతి అయ్యాక తిరిగి పెట్టించడం మరవకండి. భవనం మొత్తానికి ఆపడం మాత్రం ఎన్నడూ తగదు.

ఎందుకింతగా చెబుతున్నానంటే, మంట కంటే ముందు మనిషిని చంపేది పొగ. 2010 ఫిబ్రవరి 23న బెంగుళూరు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని కార్ల్‌టన్ టవర్స్‌లో 9 మంది పోయారు. పట్టపగలు, ఆఫీసు వేళలో, పొగ మెట్ల దారిని కమ్మేసింది. 2011 డిసెంబరు 9 తెల్లవారుజామున కలకత్తా ఆమ్రి ఆసుపత్రి నేలమాళిగలో పుట్టిన పొగ పై అంతస్తులకు పాకి సుమారు 90 మంది ప్రాణాలు తీసింది. వారిలో ఎక్కువమంది మంచం దిగలేని రోగులు. ఇలాంటిచోట నిమిషాలు లెక్క. ఆ నిమిషాలను మనకు ఇచ్చేదే అలారం.

ఇక మోగినప్పుడు ప్యానెల్ దగ్గరి మనిషి ఏం చేయాలి? మొదట ఏ అంతస్తో, ఏ భాగమో చదవాలి. తాను అక్కడే ఉండి, రెండో మనిషిని ఫోను, మంటలార్పే సిలిండరు ఇచ్చి మెట్ల మీదుగా పంపాలి. లిఫ్టు వాడరాదు. పొగ ఉందని కబురొస్తే వెంటనే 101కి గానీ 112కి గానీ ఫోను చేయాలి. రెండు మూడు నిమిషాల్లో ఏ కబురూ రాకపోయినా, ఎవరైనా ఎర్ర పెట్టె నొక్కి ఉన్నా, నిప్పుగానే ఎంచి పిలవాలి. కారణం తెలిసేదాకా రీసెట్ నొక్కకూడదు. తరువాత వేళ, చోటు, కారణం రిజిస్టరులో రాయాలి. ఒకేచోట మళ్ళీ మళ్ళీ మోగుతోందంటే ఆ రిజిస్టరే చెబుతుంది. మన సోదరి అడిగిన చిక్కుకు మందు అక్కడే ఉంది. ఆ ఒక్క డబ్బీని బాగుచేయిస్తే అందరికీ నిద్రా దక్కుతుంది, రక్షణా దక్కుతుంది.

ఇంట్లో ఉన్నవారు మాత్రం విచారణ కోసం ఎదురుచూడకుండా తలుపు దగ్గరగా వేసి మెట్ల మీదుగా దిగిపోవాలి. బయట పొగ కమ్మి ఉంటే తలుపు మూసి, సందుల్లో తడిగుడ్డ కుక్కి, కిటికీ దగ్గరకు చేరి ఫోను చేయాలి. మెట్లు దిగలేని పెద్దవారు ఏ ఏ ఇళ్ళలో ఉన్నారో ఆ జాబితా ప్యానెల్ పక్కనే అతికించి ఉండాలి.

మహారాష్ట్రలోని మన సభ్యులకు ఒక మాట. అక్కడి 2006 నాటి అగ్ని భద్రతా చట్టం ప్రకారం ఏటా జనవరిలోనూ జూలైలోనూ లైసెన్సున్న సంస్థచేత ధ్రువపత్రం తీసుకుని ఇవ్వాలి. మీ సొసైటీ ఇస్తోందా, అడగండి.

ఇతర రాష్ట్రాలవారు కూడా వచ్చే జనరల్ బాడీ మీటింగులో మూడు ప్రశ్నలు వేయండి. పసుపు దీపం వెలుగుతోందా? మెయిన్ కరెంటు తీసేస్తే ప్యానెల్ బ్యాటరీ మీద నడుస్తోందా? రాత్రి 2 గంటలకు ఆ గదిలో ఉండే మనిషికి ఏం చేయాలో తెలుసా? ఆ వాచ్‌మన్ ఒడియా వాడో, నేపాలీ వాడో, తమిళుడో కావచ్చు. సూచనలు అతను చదవగల భాషలో రాయించండి. అందరూ చూస్తుండగా ఒకసారి ఎర్ర పెట్టె నొక్కించి పరీక్షించండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే, ఒక సాయంత్రం పది నిమిషాలు చెవులు మూసుకోవడం మేలు కదా!

వచ్చే సంచికలో మంటలార్పే సిలిండర్ల గురించి ముచ్చటించుకుందాం. మీ సందేహాలు రాయండి.