డ్రాయింగ్ అయినా ఇవ్వండి

కార్బ్యురేటర్ మన సీఎస్‌ఈ సిలబస్‌లో లేదు. ఉండాల్సిన అవసరం కూడా లేదనే అనుకునేదాన్ని, మొన్న సెలవుల్లో తాత ప్రీమియర్ పద్మిని స్టార్ట్ అయి, రెండు నిమిషాలు దగ్గి ఆగిపోయేదాకా. నాన్న స్క్రాప్‌కి ఇచ్చేద్దాం అన్నారు. తాత ఏమీ అనలేదు, బానెట్ మూసేసి లోపలికి వెళ్లిపోయారు. అది చూడలేక "నేను చూస్తా" అనేశాను. చూడ్డానికి నాకేం వచ్చని!

నిజానికి విషయం సింపుల్. గాలి సన్నటి గొట్టంలోంచి వేగంగా పోతుంటే అక్కడ ప్రెజర్ తగ్గుతుంది. పక్కనున్న చిన్న గిన్నెలోని పెట్రోల్ ఇత్తడి జెట్ గుండా పైకొచ్చి గాలిలో కలుస్తుంది. సెన్సార్ లేదు, చిప్ లేదు, ఒక్క లైన్ కోడ్ లేదు. కిలో పెట్రోల్‌కి దాదాపు 14.7 కిలోల గాలి కలవాలన్న లెక్కని ఆ జెట్ రంధ్రమే చూసుకుంటుంది. సోలెక్స్ జెట్ మీద 120 అని ఉంటే రంధ్రం 1.20 మిల్లీమీటర్లు అని అర్థం. కారు నెలల తరబడి కదలకపోతే పెట్రోల్ ఆవిరైపోయి జిగురు మిగులుతుంది, రంధ్రం పూడుకుపోతుంది. నేను దాన్ని సేఫ్టీ పిన్‌తో పొడిచి శుభ్రం చేశాను. అస్సలు చేయకూడని పని అని తర్వాత తెలిసింది. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతుంది.

అలా జెట్ వేట మొదలైంది. ఆదివారం ఆబిడ్స్‌లో షాపులు మూసి ఉంటాయి, ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు. ఎంసెట్ గైడ్ల గుట్ట కింద ఒక ఆటోమొబైల్ ఇంజనీరింగ్ టెక్స్ట్‌బుక్ దొరికింది. అట్ట లేదు కానీ సోలెక్స్ బొమ్మ మొత్తం ఉంది. బేరమాడి 80కి తెచ్చుకున్నా. మర్నాడు ఆ పేజీ పట్టుకుని నాంపల్లి వైపు నడుస్తూ, కనిపించిన ప్రతి స్పేర్ పార్ట్స్ షాపులో అడిగాను. ఒకాయన "డాడీని పంపమ్మా" అన్నాడు. (డాడీని పంపితే ఆయన కారుని స్క్రాప్‌కి పంపుతారు.) ఇంకొకాయన నవ్వి ఊరుకున్నాడు. జగదీశ్ మార్కెట్‌లో ఐదేళ్ల కిందటి ఫోన్‌కి డిస్‌ప్లే పది నిమిషాల్లో దొరుకుతుంది. వేలెడంత కూడా లేని ఈ ఇత్తడి ముక్క కోసం మూడు రోజులు తిరిగాను.

చివరికి నాంపల్లి సందులో ఒక ముసలి మెకానిక్ దగ్గర, హార్లిక్స్ సీసా నిండా పాత జెట్లు! కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఒక్కొక్కటీ వెలుతురుకి పెట్టి చూసి, నాకు కావాల్సిన నంబర్ తీశాడు. "కొత్తది రాదు బేటా. బంబయి ట్యాక్సీలు నడిచినన్ని దినాలు మాల్ వచ్చేది. ఇప్పుడు చచ్చిన బండ్లలకెళ్లి తీసుడే." నిజమే, ముంబైలో చివరి పద్మిని ట్యాక్సీ గడువు 2023 అక్టోబర్‌లో ముగిసింది. గాస్కెట్ అయితే అక్కడే చేసిచ్చాడు. షీట్‌ని కార్బ్యురేటర్ మీద పరిచి, అంచుల వెంట చిన్న సుత్తితో తడుతూ పోతే ఆకారం తెగి చేతికొచ్చింది.

"చాచా, ఈ సీసా అయిపోతే?" అనడిగాను.

"దానికన్నా ముందు నేనే అయిపోత" అన్నాడు నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. 1964లో కుర్లా ఫ్యాక్టరీలో ఫియట్‌గా మొదలై, 2000 ప్రాంతం దాకా తయారైన కారు ఇది. కంపెనీ పార్ట్ తయారీ ఆపేయడం తప్పని నేను అనను, అమ్ముడుపోనిది ఎవరు చేస్తారు? కానీ ఆపేసేటప్పుడు దాని డ్రాయింగ్, కొలతలు, మెటీరియల్ వివరాలు బయట పెట్టడానికి ఏం అడ్డు? మన దేశంలో పేటెంట్ గడువే 20 ఏళ్లు. ఆ తర్వాత కూడా దాచుకుని బాగుపడిందెవరు? 1993లో వచ్చిన డూమ్ గేమ్ సోర్స్ కోడ్‌ని 1997లో విడుదల చేశారు, అందుకే అది ఇవాళ్టికీ ఎక్కడపడితే అక్కడ నడుస్తోంది. కొలతలంటూ ఉంటే బాలానగర్‌లో మంచి లేత్ ఉన్న చిన్న వర్క్‌షాపు కూడా ఓ ఇరవై జెట్లు తీసివ్వగలదు.

కార్బ్యురేటర్‌తో పొగ ఎక్కువ, మైలేజీ తక్కువ, ఇంజెక్షన్ వచ్చాక దీన్ని బతికించడం దేనికని మా మెకానికల్ ఫ్రెండ్ వాదన. పొగ మాట ఒప్పుకుంటా. రోజూ ఆఫీసుకి పద్మినిలో వెళ్లమని ఎవరికీ చెప్పను. కానీ ఈ గొడవ పద్మినితో ఆగదు. ఇవాళ కొంటున్న కారులో ఈసీయూ బోర్డు పదిహేనేళ్ల తర్వాత పోతే? దానికి హార్లిక్స్ సీసా కూడా ఉండదు. పైగా అందులో సాఫ్ట్‌వేర్ రాసేది రేపు మనమే, తాళం వేసేదీ మనమే. కేంద్రం 2022లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, కార్లని కూడా చేర్చింది. మంచిదే, కానీ పోర్టల్ వేరు, చట్టం వేరు.

జెట్ మార్చాక కారు స్టార్ట్ అయింది. తాత వీధి చివరిదాకా నడిపి వచ్చారు. ఇప్పుడు సమస్య రబ్బరు. బంకులో పోసే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్, పాత రబ్బరుకి అది పడదు. యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ దగ్గర తడి కనిపిస్తోంది. ఇథనాల్‌ని తట్టుకునే రబ్బరు షీట్ దొరుకుతుంది, కోయడానికి కొలతలే లేవు. పాతదాన్ని గ్రాఫ్ పేపర్ మీద పెట్టి గీస్తున్నాను. అదేమో ఉబ్బిపోయి ఉంది, అసలు సైజు ఎంతో ఊహించుకోవాల్సిందే.