పశువుల ఆసుపత్రికి రాత్రి డ్యూటీ వేయండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పశుసంవర్ధక శాఖ మంత్రులకు,



గుంటూరు జిల్లాలో ఒక మండల కేంద్రం మాది. బడిలో పాఠాలు చెబుతాను. నిరుడు వానాకాలంలో ఒక రాత్రి తొమ్మిదిన్నరప్పుడు, మా చుక్కిని గడ్డివామి దగ్గర పాము కరిచింది. చుక్కి జాతి కుక్క కాదు. వీధిలో పుట్టి మా గుమ్మంలో పెరిగిన నాటు కుక్క. టార్చిలైటు వేసి చూస్తే రక్తపింజర. కాసేపటికే దవడ వాచిపోయింది, చిగుళ్ల నుంచి నెత్తురు కారడం మొదలైంది.

మా ఊళ్లో పశువుల ఆసుపత్రి ఉంది. డాక్టరుగారు మంచివారు, పగలు ఎంతమంది వచ్చినా విసుక్కోకుండా చూస్తారు. సాయంత్రానికి గేటుకు తాళం పడుతుంది. అది ఆయన తప్పు కాదు, రాత్రి డ్యూటీ అనేదే అక్కడ లేదు. కారు మాట్లాడుకుని నగరానికి పరుగెత్తాం. అంత రాత్రి తెరిచి ఉన్న ప్రైవేటు ఆసుపత్రి ఒక్కటే దొరికింది. ముందు 20,000 కట్టమన్నారు, కట్టాం. మూడు రోజులకు బిల్లు 58,000 అయింది. చుక్కి బతికింది.

ఆ రాత్రి నా పక్క కుర్చీల్లో ఒక ఆటో డ్రైవరు, ఆయన కూతురు కూర్చున్నారు. పాప ఒళ్లో తువ్వాలు చుట్టిన కుక్కపిల్ల. పార్వో జబ్బు అన్నారు. రోజుకు ఎంతవుతుందో చెప్పారు, ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేమన్నారు. ఆయన చొక్కా జేబులోంచి నోట్లు తీసి రెండుసార్లు లెక్కపెట్టుకుని, "రేపు పొద్దున వద్దాంలే అమ్మా" అన్నాడు. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోతున్న పిల్లకు సెలైన్ ఎక్కించకుండా రాత్రి గడిస్తే ఏమవుతుందో అక్కడున్న మాకందరికీ తెలుసు. ఎవరమూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. అప్పుడు ఊరుకున్నందుకే ఇప్పుడు మీకు రాస్తున్నాను.

ఆ ఆసుపత్రి మమ్మల్ని దోచుకుందని నేను అనడం లేదు. రాత్రంతా డాక్టరు మేలుకొని ఉండాలి, సహాయకులుండాలి, ఎక్స్‌రే, రక్తపరీక్షల యంత్రం, ఆక్సిజన్ సిద్ధంగా ఉండాలి. కేసు వచ్చినా రాకపోయినా వాటి ఖర్చు ఆగదు. మనుషుల వైద్యంలో ఇలాంటి భారం కొంత ప్రభుత్వ ఆరోగ్య పథకం మోస్తుంది, కొంత బీమా మోస్తుంది, పెద్దాసుపత్రి ఎలాగూ ఉంది. ఇక్కడ మొత్తం బరువు ఆ జీవాన్ని ఎత్తుకొచ్చినవాడి జేబు మీదే పడుతుంది. పైగా ఊరంతటికీ తెరిచి ఉన్న తలుపు ఒక్కటే అయినప్పుడు, ఆ తలుపు దగ్గర చెప్పిందే ధర. సర్కారు ఆసుపత్రి రాత్రి పక్కనే తెరిచి ఉంటే ఆ ధర ఇంత ఉండదు. అత్యవసర పశువైద్యం ఇంత ఖరీదు కావడానికి నాకు కనిపించిన అసలు కారణం ఇదే.

పాము మందు సంగతే తీసుకోండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ కలిపి మన దేశంలో ఒకే యాంటీవెనమ్ తయారవుతుంది. మనిషికి ఎక్కించేదీ కుక్కకు ఎక్కించేదీ అదే. కుక్క చిన్నదని మోతాదు తగ్గదు, ఎందుకంటే మందు విరగ్గొట్టాల్సింది విషాన్ని. ఒంటి బరువుతో దానికి పని లేదు. చుక్కికి పన్నెండు వయళ్లు పట్టాయి. మనిషికైతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దీన్ని ఉచితంగా ఇస్తారు, ఇవ్వాలి కూడా. కానీ ఆ మందు వచ్చేది గుర్రాల నుంచి. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దాని నెత్తుటిలో పుట్టిన విరుగుడును వేరుచేసి సీసాల్లో నింపుతారు. ఒక జంతువు నెత్తురిచ్చి మన ప్రాణాలు నిలబెడుతున్నప్పుడు, ఆ మందు వయళ్లు కొన్ని పశువుల ఆసుపత్రి బీరువాలో ఉంచమని అడగడం అత్యాశ కాదనుకుంటాను. రక్తపింజర విషం ఎక్కిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద యంత్రం కూడా అక్కర్లేదు. శుభ్రమైన గాజు గొట్టంలో కొంచెం నెత్తురు తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి, గడ్డకట్టిందా అని చూస్తే చాలు. పల్లెల్లో మనుషులకు చేసేదీ ఇదే పరీక్ష.

మనుషులకే దిక్కు లేదు, కుక్కలకు రాత్రి ఆసుపత్రా అని అనేవాళ్లుంటారు. వాళ్లను ఒక్క రాత్రి పాడి రైతు ఇంట్లో పడుకోమనండి. గేదె ఈనలేక అర్ధరాత్రి అరుస్తుంటుంది, దూడ అడ్డం తిరిగి ఉంటుంది. తెల్లవారేదాకా ఆగితే తల్లీ దక్కదు, పిల్లా దక్కదు. మేకపిల్లను కరిచే పామైనా పగలు మాత్రమే తిరగదు. కుక్క కోసం నేను అడిగే తలుపు ఆ రైతు కోసం కూడా తెరుచుకుంటుంది.

ఇది మీ పరిధిలో లేని విషయమూ కాదు. పశువుల వ్యాధుల నివారణ, పశువైద్యం రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం రాష్ట్రాల జాబితాలోనివి. ప్రాణుల పట్ల దయ చూపడం పౌరుల విధి అని 51ఏ అధికరణ చెబుతోంది. ఆ ఆటో డ్రైవరు తన విధి తాను చేయబోయాడు, డబ్బు చాలలేదు.

మీ చేతిలో చాలా ఉంది. 1962కు ఫోన్ చేస్తే రైతు గడపకే వైద్యం తెచ్చే బండ్లను తెలంగాణ 2017లోనే మొదలుపెట్టింది, ఆంధ్రప్రదేశ్ 2022లో అందుకుంది. మంచి పని. ప్రధానంగా పాడిపశువుల కోసం ఏర్పాటు చేసిన ఆ సేవకు రాత్రి పాళీని, ఇంటి జంతువులను కూడా కలపండి. తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి, రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరుల్లో పశువైద్య కళాశాలలున్నాయి. చదువు చివర విద్యార్థులు ఇంటర్న్‌షిప్ చేస్తారు. ఒక సీనియర్ డాక్టరు పర్యవేక్షణలో వాళ్లకు రాత్రి పాళీ వేస్తే వాళ్లకు అనుభవం, జనానికి ఆసరా. చెన్నై వేపేరిలో 1903 నాటి పశువైద్య కళాశాల ఆసుపత్రి కుక్కలు, పిల్లులకు రాత్రింబవళ్లు అత్యవసర చికిత్స చేస్తోంది. కేరళ బ్లాకు స్థాయిలో రాత్రి పశువైద్యులను పెట్టింది. పొరుగువాళ్లు చేయగలిగింది మనం చేయలేమా?

ప్రైవేటు ఆసుపత్రుల గురించి కూడా ఒక మాట. మనుషుల ఆసుపత్రులు రేట్లు గోడ మీద రాసి పెట్టాలని కేంద్ర నిబంధనలు ఉన్నాయి. అవి పశువైద్యానికి వర్తించవు. దీనికంటూ ఒక నియమం తీసుకురండి. రేట్ల బోర్డు ఉండాలి, చికిత్సకు ముందు అంచనా కాగితం మీద ఇవ్వాలి. అన్నిటికంటే ముందు, అడ్వాన్సు సంగతి తేలేలోపు నెత్తురు ఆపడం, సెలైన్ పెట్టడం, నొప్పి తగ్గించడం జరిగిపోవాలి. ఆ తొలి గంట ఖర్చు ప్రభుత్వం భరించాలి.

అన్ని జిల్లాల్లో ఒకేసారి కాదని నాకు తెలుసు. వచ్చే వానాకాలం లోపు ఒక్కో రాష్ట్రంలో రెండు జిల్లా కేంద్రాల్లో మొదలుపెట్టండి. ఒక డాక్టరు, ఒక సహాయకుడు, సెలైన్ సీసాలు, యాంటీవెనమ్ వయళ్లు, ఫోన్ ఎత్తే మనిషి. గేటు మీద నంబరు పెద్దక్షరాలతో రాయించండి, టార్చిలైటు వెలుతురులో కూడా కనిపించేలా.

ఇట్లు,
ఒక బడి పంతులు,
గుంటూరు జిల్లా