వెంకీలో సీటు సరే, బస ఎక్కడ?

ఢిల్లీ విద్యార్థులు ముద్దుగా 'వెంకీ' అని పిలుచుకునే శ్రీ వెంకటేశ్వర కళాశాలను తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో నెలకొల్పింది. ఆ పని వెనక గట్టిగా నిలబడింది దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1948లోనే రాజధాని తెలుగు పిల్లల కోసం ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టిన మనిషి ఆమె. ఇప్పుడు కాలేజీ దగ్గరి మెట్రో స్టేషన్‌కూ ఆవిడ పేరే.

ల్యాబులు, లైబ్రరీ, ఆటస్థలం, అమ్మాయిలకు హాస్టల్ ఉన్నాయి. చిక్కల్లా ఆ హాస్టల్ దగ్గరే. 2022 నుంచి ప్రవేశాలు సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా జరుగుతున్నాయి కాబట్టి శ్రీకాకుళం అమ్మాయి కూడా సీటు కొట్టొచ్చు, మార్కులుంటే! హాస్టల్లో చోటు దొరక్కపోతే మాత్రం ఎదురుగా సత్యనికేతన్‌లో పీజీ (పేయింగ్ గెస్ట్) గది వెతుక్కోవాల్సిందే. ఏడాది అద్దె ముందు కాలేజీ ఫీజు ఏ మూలకు?

తిరుమలలో రోజూ వేలమందికి బస చూపించే దేవస్థానం, ఢిల్లీ విశ్వవిద్యాలయంతో మాట్లాడి అక్కడ మరిన్ని హాస్టల్ గదులు కట్టించాలి.